మంగళవారం పంపిన వీడియో

కామాఠిపురా, పదకొండో గల్లీ
మే 24

బాపూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. పని మళ్లీ మొదలైందని మన గల్లీ శ్రీకాంత్ కూడా సరిహద్దు దగ్గర మీ వంతెనకే తిరిగి బయలుదేరుతున్నాడు, అతని చేతికిస్తాను. మరాఠీ గడ్డ మీద పుట్టిన నాకు నువ్వు పట్టుబట్టి నేర్పించిన తెలుగు ఇలాంటి ఉత్తరానికి పనికొస్తుందనుకోలేదు.

నిన్న మా న్యూస్ ఛానెల్ ఆఫీసులో ఒక ఫిర్యాదు నా ముందు పెట్టారు. కూలీల క్యాంపు వీడియో టీవీలో చూపించడం వల్లే శత్రువుకు జాడ తెలిసిందట, షెల్ పడి వంటమనిషి ముత్తమ్మ చనిపోయిందట. తప్పు తన మీదికి రాకుండా మీ కాంట్రాక్టర్ రాయించిన కాగితం. కింద ముప్పై ఎనిమిది సంతకాలు, మొదటిది నీది. నా ప్రతి ప్రోగ్రెస్ కార్డు మీదా ఉన్న సంతకమే కదా, పేరు చదవకముందే గుర్తుపట్టాను. నన్ను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. అది పోనీ. కన్న తండ్రే ఇంత పని చేస్తాడా?

నీకు నిజం తెలుసు బాపూ. షెల్ పడింది బుధవారం పొద్దున ఏడింటికి. ఆ సంగతి తెలియకుండానే నేను వార్త వేసింది మధ్యాహ్నం రెండింటికి. పడ్డాక వేసిన వార్త శత్రువుకు దారెలా చూపిస్తుంది? పైగా నేనేమీ తొందరపడలేదు. కాల్పుల భయంతో ఇంజనీర్లను జీపుల్లో కొండ కిందికి దించేశారు, కూలీలకు బండి లేదు అని నువ్వు మంగళవారం నాలుగింటికి వీడియో పంపావు. ఎడిటర్ వెంటనే వేసెయ్యమన్నాడు. యుద్ధం రోజులు, మన వార్త అవతలివాళ్లకు ఉపయోగపడకూడదు, రేపు వేద్దాం అని ఆపింది నేనే. కూర్చుని వంతెన కనబడే ముక్కలన్నీ తీసేశాను. అంత జాగ్రత్తపడ్డాను.

ముత్తమ్మ కూతురు సీమ మన గదుల ముందు గ్యాలరీలో అందరి ముందూ "నీ టీవీ కోసం మా అమ్మను సంపినవ్ గదనే" అంది. పక్కపక్క గదుల్లో పుట్టి, ఒకే కంచంలో తిన్నవాళ్లం. నేనేం చెప్పినా నీ సంతకమే ఎత్తుతోంది. అమ్మేమో "మీ బాపు ఉత్తగనే సంతకం జేసెటోడు గాదు" అంటోంది. కాంట్రాక్టర్ బెదిరించాడా? ఏదో ఒకటి చెప్పు, నమ్మేస్తాను.

నీ బిడ్డ
ప్రణాలి


వంతెన క్యాంపు
మే 31

అమ్మా ప్రణాలీ,

నన్నెవరూ బెదిరించలేదు. కాగితం చదివి వినిపించి, ఇష్టమైతేనే పెట్టమన్నారు. షెల్ ముందు పడిందని తెలిసే పెట్టాను.

ఆ మంగళవారం నీకు వీడియో పంపి, క్యాంపంతా తిరిగి చెప్పాను. "నా బిడ్డ టీవీల ఉంది. పొద్దుగూకే లోపల దేశమంతా సూస్తది, బండ్లొస్తయ్" అన్నాను. అందరూ సంచులు సర్దుకున్నారు. పదిమంది నడిచే కిందికి దిగుతామన్నారు, ముత్తమ్మ కూడా వాళ్లతో బయలుదేరింది. "ఆగు ఒదినె, ప్రణాలి ఉండంగ నడుసుడెందుకు" అని నేనే ఆపాను. ఫోన్ ముందు పెట్టుకుని మీ ఛానెలే చూస్తూ కూర్చున్నాం. తెర మీద బొమ్మ విమానాలు ఎగిరాయి, ఎవరెవరో అరుచుకున్నారు, మేము మాత్రం రాలేదు. "పిల్లకు పనుంటది తియ్యి" అని ముత్తమ్మే నన్ను సముదాయించింది. పొద్దున్నే అందరికీ చాయ్ పెట్టడానికి లేచి బయటికెళ్లింది.

శత్రువుకు మా వంతెన నువ్వు చూపించాలా తల్లీ? మూడేళ్లుగా కడుతున్నాం. అవతలి గుట్ట మీదికెక్కితే మేము తినే గిన్నెలు కూడా కనిపిస్తాయి. మేమిక్కడ ఉన్నామని తెలియనిది మనవాళ్లకే. అది చెప్పమనే నీకు పంపాను. నీ వార్త వచ్చిన రెండు గంటలకే బండ్లు వచ్చాయి. ఒక బండిలో ముత్తమ్మను పడుకోబెట్టి కిందికి తీసుకెళ్లాం. నువ్వు మమ్మల్ని ఒక రోజు ఆపేశావన్న కోపం నాకు చల్లారలేదు. ఆ కోపంతోనే సంతకం పెట్టాను.

కాగితంలో ఉన్నది అబద్ధం, పెట్టడం నా తప్పు. ఆ మాట మీ ఆఫీసుకు రాసి ఈ టపాలోనే పంపుతున్నాను. షెల్ పడ్డాకే వార్త వచ్చిందని సీమకు కూడా నేనే ఫోన్ చేసి చెబుతాను.

మరి మంగళవారమే ఎందుకు రాలేదని అడుగుతుంది. దానికి నువ్వే జవాబు చెప్పాలి.

మీ బాపు
యాదయ్య