జ్వరం లేని బడి

ఆగస్టు 4

మణుగూరు దాటాక అడవి అంచున బాలికల ఆశ్రమ పాఠశాల. మా పత్రిక డెస్క్‌కు పాజిటివ్ స్టోరీ కావాలి. ఉంది: నూట పన్నెండు మంది పిల్లలు, వదలని ముసురు, నలభై రోజులుగా ఒక్క జ్వరం లేదు. చుట్టుపక్కల తండాల్లో ఇంటికొక మలేరియా కేసు. వార్డెన్ శారద హెల్త్ రిజిస్టర్ నా ముందు పెట్టింది. ప్రతి పిల్ల ఎత్తు, బరువు, రోజువారీ టెంపరేచర్. ప్రేయర్‌లో నర్సు ప్రమీల థర్మల్ గన్ నుదుటికి గురిపెట్టి రాసుకుంటుంది. మా పిల్లలు ఏసీ పిల్లలు సార్ అని శారద నవ్వింది.

ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. సున్నాలను నమ్మను.

ఆగస్టు 5, ఉదయం 5.50

వంటగది వెనక సిమెంటు నీళ్ల ట్యాంకు. దాని తడి గోడకు నుదుళ్లు ఆనించి పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మాట లేదు, కదలిక లేదు. లెక్కపెట్టాను. ఇరవై మూడు మంది. బెల్ కొట్టగానే నుదుళ్లు తుడుచుకుని ప్రేయర్‌కు వెళ్లిపోయారు. గోడ నాచు మీద గుండ్రటి మచ్చలు.

వంటమనిషి యశోదను అడిగాను. ఏమో సారూ, రోజు గట్లనే నిలవడ్తరు, పరీక్షలు పాస్ చెయ్యమని మొక్కుకుంటున్నరేమో అంది.

ఆగస్టు 6

స్టోరీ పంపలేదు.

ఆగస్టు 7

మూడో తరగతి సోని నా పెన్ను అడిగి తీసుకుంది. వేళ్లు కాలిపోతున్నాయి. నుదురు చల్లగా ఉంది.

ఎవరికీ చెప్పొద్దంది. గోడకు ఆనుకుంటే గన్‌కు జ్వరం దొరకదట. దొరికితే ఇంటికి పంపుతరట. మాతోని ఉన్న ద్వాలిని గట్లనే పంపిన్రు, మల్ల రాలే. వాళ్ల నాయన వచ్చి పెట్టె తీస్కపోయిండు, ఏడ్సిండు. ద్వాలి ఇంట్ల ఉంటే ఆయన ఎందుకు ఏడుస్తడు సారూ అని అడిగింది. జ్వరమొస్తే పంపే ఆ ఇల్లు వేరే ఉందట. పిల్లలందరికీ తెలుసట.

శారదను నిలదీశాను. జూన్‌లో ద్వాలికి జ్వరమొస్తే దవాఖానాకు తీసుకెళ్తుండగా దారిలోనే చనిపోయింది. పిల్లలు బెదురుతరని ఇంటికి పోయిందని చెప్పినం అంది. థర్మల్ గన్ ఆ తర్వాత వచ్చింది.

ప్రమీల సోని చంకలో మామూలు థర్మామీటర్ పెట్టింది. 104. కిట్ టెస్ట్‌లో మలేరియా. వ్యాన్ రాగానే సోని ట్యాంకు పైపు పట్టుకుంది. మంచిగనే ఉన్న, ఇంటికొద్దు అని ఒకటే అరుపు. ముగ్గురం కలిసి వేళ్లు విడదీశాం. మిగతా పిల్లలు ఏడవలేదు. ఒకమ్మాయి లోపలికి వెళ్లి సోని పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టింది.

ఆగస్టు 9

భద్రాచలం ఆసుపత్రిలో సోనికి జ్వరం దిగింది. శారద పిల్లలను కూర్చోబెట్టి ద్వాలి చనిపోయిందని చెప్పింది. సోని బతికే ఉందని కూడా చెప్పింది. మొదటిది నమ్మారు. రెండోది నమ్మలేదు.

ఆగస్టు 15

సోని తిరిగొచ్చింది. జెండా వందనం కాగానే పిల్లలు వరస కట్టి ఒక్కొక్కరే ఆమె నుదురు ముట్టుకున్నారు. వెచ్చగుంది అని వెనకవాళ్లకు చెప్పుకున్నారు.

ఆగస్టు 18

రిజిస్టర్‌లో పదకొండు జ్వరాలు. స్టోరీ పంపాను.

సెప్టెంబరు 6

మళ్లీ వెళ్లాను. ట్యాంకు దగ్గరకు ఇప్పుడెవరూ పోవడం లేదు. మచ్చలను నాచు కమ్మేసింది, ఒక్కదాన్ని తప్ప. ప్రమీల, నేను పిల్లలందరినీ గోడ పక్కన నిలబెట్టి చూశాం. ఆ ఎత్తుకు ఏ నుదురూ సరిపోలేదు.

ద్వాలి ఎత్తు రిజిస్టర్‌లో ఉంది. నేను తెరవలేదు.