ఆత్మల చీటీ

నవంబర్ 1

సకల పునీతులారా, సరిగ్గా మీ పండుగనాడే మిమ్మల్ని విసిగిస్తున్నందుకు, డిగ్రీ చదివిన ఈ పాపి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు. ఈ నెలంతా మీ పండుగలే. అమ్మ ఒక్కరికీ మొక్కకుండా వదలదు. పోయినవాటిని వెతికిపెట్టే పునీత అంతోని వారి పండుగ మాత్రం జూన్‌లోనే అయిపోయింది. అన్నయ్య చెన్నై పనికి వెళ్లి, ఫోన్ ఆగిపోయి ఎనిమిది నెలలు.

రేపు ఆత్మల పండుగ. చనిపోయినవాళ్ల పేర్లు చీటీ రాసిస్తే, ఫాదర్ గారు ఈ నెలంతా పూజలో చదువుతారు. కాఫీ పళ్లు ఏరి వచ్చిన అమ్మ, చేతులైనా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చుంది. తాత పేరు, నాన్న పేరు చెప్పి ఆగింది.

"మీ అన్న పేరు కూడా రాసీరా."

"వాడొచ్చి చూస్తే నన్ను తంతాడే అమ్మా."

"తన్నినా సాలురా గుంటడా. బేగి రాయి."

అమ్మ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. అమ్మకు చదువు రాదు. చీటీ మడిచిస్తే కళ్లకద్దుకుని కొంగున కట్టుకుంది. రేపు ఫాదర్ గారు పైకి చదివితే ఏం చెప్పాలో...

నేను చేసింది ఒక్కటే. అమ్మ వరసలు లెక్కపెడుతుందని, అన్నయ్య పేరు ఉండాల్సిన చోట నా పేరు రాశాను.