సిద్ధయ్య మోటారు బూర

సిద్దిపేట,
పుష్య మాసం.

లష్కర్‌లోని మహారాజశ్రీ భీమేశ్వర మోటారు కార్ఖానా వారికి, సిద్ధయ్య నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేనొక్కణ్ణి క్షేమం.

మా దొరగారు పోయిన ఏడు తమ పాత ఫోర్డు మోటారును మీకు అమ్మినారు. ఇరవై ఏండ్లు దాన్ని నడిపింది నేనే. ఇప్పుడు కొత్త మోటారు వచ్చింది, కొత్త డ్రైవరు వచ్చినాడు. పెట్రోలు కూపన్లు లేక ఆ కొత్త మోటారు కొట్టంలో కూర్చుంది, పని లేక నేను ఇంట్లో కూర్చున్నాను.

నాకు ఆ పాత మోటారు వద్దు, దాని చక్రాలూ వద్దు. దాంతోపాటు మీ దగ్గరికి వచ్చిన మా బూర ఒక్కటి పంపితే చాలు. మా ఇంటామె అనసూర్య పడుచుతనంలో దానికోసం వాకిట్లోకి ఉరికివచ్చేది. ఇన్నాళ్ళు వాడక గట్టిపడే ఉంటుంది. ఫరవాలేదు, నూనె రాసి మెత్తగా పిసుక్కుంటాను.

ఇట్లు,
సిద్ధయ్య, మాజీ డ్రైవరు.

తా.క.: జల్ది పంపండి. నా సంసారం ఇప్పుడు దానిమీదనే నడవాలి.

*

లష్కర్,
20 జనవరి 1944.

శ్రీ సిద్ధయ్య గారికి, కార్ఖానా స్టోరుకీపరు యోహాను వ్రాయునది.

మీ కార్డు చేరింది. మాది మోటార్ల కార్ఖానా, మిఠాయి దుకాణం కాదు. అయినా మీ పెద్దరికానికి విలువిచ్చి మోటారు సీటు కింద వెతికించాను. బూరెలు లేవు. ఎలుకల కాపురం ఉంది. మీ బూరెలు ఉండి ఉంటే బాలింత ఎలుకల పథ్యానికి సరిపోయి ఉంటాయి.

ఒక మాట చెబుతాను, కోపగించుకోకండి. పోయిన ఏటి బూరెకు నూనె రాసి మెత్తబరచి ఇంటావిడకు పెట్టాలనుకోవడం మంచి ఆలోచన కాదు.

ఇట్లు,
యోహాను.

తా.క.: సిద్దిపేటలో బెల్లానికి కూడా కరువొచ్చిందా? యుద్ధం అంత దూరం వచ్చిందని మాకు తెలియదు.

*

సిద్దిపేట,
మాఘ మాసం.

యోహాను గారికి, సిద్ధయ్య కోపం దిగమింగి రాసేది.

బూరె కాదండీ, బూర. తినేది కాదు, ఒత్తేది. డ్రైవరు చేతి పక్కన ఉండే నల్ల రబ్బరు బుడ్డి, దానికి ఇత్తడి మూతి. పిసికితే అరుస్తుంది. మోటారు కార్ఖానాలో కూర్చుని బూర అంటే తెలియని మనిషిని మొదటిసారి చూస్తున్నాను.

చెప్పుకోవడానికి సిగ్గే. చెప్పకపోతే మీరు ఈసారి గారెల కోసం వెతుకుతారు కనుక చెబుతున్నాను. మొన్న ఒక పెండ్లి పందిట్లో నలుగురు కూర్చుంటే పాత రోజులు గుర్తుకొచ్చాయి. తెల్లవారి హ్యాండిలు తిప్పితే మోటారు దగ్గి దగ్గి మేలుకోవడం, పెట్రోలు వాసన కోసం పిల్లలు వెంటబడి ఉరకడం, ప్రజ్ఞాపూర్ ఎత్తును ముందునుంచి ఎక్కనంటే బండిని వెనక్కి తిప్పి ఎక్కించడం, అన్నీ చెప్పాను. చెప్తూ చెప్తూ ఒక మాట జారింది. "నా జిందగీల నా మాట ఇన్నది గా మోటరొక్కటే" అన్నాను. చూస్తే అనసూర్య నా వెనకనే ఉంది.

ఆమె తెల్లారి మూట కట్టుకొని రాయపోల్‌లో తమ్ముడు దుబ్బయ్య ఇంటికి పోయింది. పిలవబోతే గడప దాటి రాలేదు. "గా మోటరునే రమ్మను, రొట్టె చేసి పెడ్తది" అని లోపలినుంచి కబురు.

పెండ్లికి ముందు వాళ్ళ ఇల్లున్న సాలెవాడ మలుపులో నేను బూర కొడితే చాలు, ఎంత పనిలో ఉన్నా వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఆ ధైర్యంతోనే కదా పెద్దమనుషులను పంపినాను. ఇప్పుడూ అదే బూర కొడితే వస్తుంది. ఇంకో దారి నాకు తెలియదు. ఆమె లేని ఇంట్లో ముద్ద దిగడం లేదు.

ఇట్లు,
సిద్ధయ్య.

తా.క.: మీరెప్పుడైనా మోటారు నడిపినారా, లేక లెక్కలు రాయడం వరకేనా?

*

లష్కర్,
5 ఫిబ్రవరి.

సిద్ధయ్య గారికి, యోహాను వ్రాయునది.

నడిపారా అని అడిగారు. మెదక్ దిక్కున మా చర్చి పాదిరిగారి మోటారును వయసంతా నేనే నడిపాను. గుడ్డ టాపు, ఇత్తడి దీపాలు. వానకు టాపు కారేది, పాదిరిగారు లోపల గొడుగు పట్టుకుని కూర్చునేవారు. మీ బండి ఎత్తును వెనక్కి తిరిగి ఎక్కిందని గొప్పగా రాశారు. మా బండి ముందుకే ఎక్కేది. దిగేటప్పుడే ఆగేది కాదు. అందుకే పాదిరిగారు ప్రార్థన దిగుడులో పెట్టుకునేవారు. ఇప్పటి మోటార్లలో కూర్చుంటే దేవుడు గుర్తుకే రాడు.

మీ ఇంటి సంగతి చదివి మనసుకు కష్టమైంది. మీ బూర స్టోరులో ఎంత వెతికినా కనిపించలేదు. యుద్ధం మూలాన కొత్త రబ్బరు సామానూ దొరకడం లేదు. అందుకని కరెంటు హారను ఒకటి, కొత్తది పంపుతున్నాను. కోసు దూరం వినిపిస్తుంది.

ఇట్లు,
యోహాను.

తా.క.: మా ఇంటావిడకు మీ మొదటి ఉత్తరం చదివి వినిపించాను. అప్పటినుంచి బూరెలు, బూరెలు అంటోంది. పాపం మీదే.

*

సిద్దిపేట,
మాఘం, అమావాస్య ముందర.

యోహాను గారికి, సిద్ధయ్య అవమానపడి రాసేది.

మీ కరెంటు హారను చంకలో పెట్టుకొని రాయపోల్ పోయాను. దుబ్బయ్య వాకిట్లో నిలబడి ఒత్తాను. పలకలేదు. దానికి బ్యాటరీ కావాలట. బ్యాటరీకి మోటారు కావాలట. ఈ సంగతి చీటీ మీద రాసి పెడితే మీ కలం అరిగిపోయేదా?

దుబ్బయ్య బయటికి వచ్చి, "ఇన్నేండ్లకు అత్తగారింటికి మంచి సామాను తెచ్చినవ్ బావా" అని దాన్ని లోపలికి తీసుకుపోయాడు. ఇప్పుడు దాని మూతినే గిన్నెగా చేసుకొని జొన్నలు కొలుస్తున్నాడు. అనసూర్య తలుపు సందులోంచి చూసింది. నవ్విందో ఏడ్చిందో తెలియదు, తలుపు వేసుకుంది.

నాకు కొత్తది వద్దు యోహాను గారూ. నా బూరే కావాలి. దాని గొంతు ఆమెకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఆడపిల్లతో ఏం మాట్లాడాలో తెలియక బూర కొట్టినాను. తల నెరిసింది, ఇప్పటికీ తెలియలేదు.

ఇట్లు,
సిద్ధయ్య.

తా.క.: మీ బండి దిగుడులో ఆగేది కాదన్నారు. బ్రేకు ఏ కాలి కింద ఉందో ఎప్పుడన్నా చూసుకున్నారా?

*

లష్కర్,
26 ఫిబ్రవరి.

సిద్ధయ్య గారికి, యోహాను వ్రాయునది.

మీ బూర దొరికింది. పార్సెలు చేశాను. రబ్బరుకు నూనె నేనే రాశాను, మీరు మళ్ళీ రాయకండి. దయచేసి దీన్ని మీ బావమరిది చేతికివ్వకండి.

ఆమె వస్తే ఒక కార్డు ముక్క రాయండి. రాకపోయినా రాయండి.

ఇట్లు,
యోహాను.

తా.క.: బ్రేకు కుడికాలి కిందనే ఉండేది. పాదిరిగారే తొక్కనిచ్చేవారు కాదు, విశ్వాసం తగ్గుతుందని.

*

సిద్దిపేట,
ఫాల్గుణ మాసం.

యోహాను గారికి, సిద్ధయ్య, అనసూర్య నమస్కరించి రాసేది. ఇక్కడ ఇద్దరం క్షేమం. కింది ముచ్చట ఆమె చెబుతుంటే నేను రాస్తున్నాను. ఒక్క మాట మార్చినా మళ్ళీ రాయపోల్ పోతానంటోంది.

"యోహానన్నా, నేను అనసూర్యను. నేను బూర ఇనంగనే వాకిట్లకు ఉరికొచ్చేదాన్నని మీకు రాసిండట. నిజమే, వచ్చేదాన్ని. ఎందుకొచ్చేదాన్నో గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న అడిగిండా? మా వాకిట్ల కోళ్ళుండె. ఈయన మోటరు ఒకపారి మా పుంజును తొక్కింది. గప్పటిసంది బూర మోగిందంటే కోళ్ళను లోపటికి తోలెతందుకు ఉరికొచ్చేదాన్ని. గంతల్నే పెద్దమనుషులొచ్చి, పిల్ల మనసుపడ్డదట గదా అన్నరు."

(ఇది రాయనన్నాను. మూట చూపించింది. రాశాను. సి.)

"మొన్న రాయపోల్ల బూర మోగింది. రొట్టెను పెనం మీద ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. సూస్తే ఈయన ఎండల నిలబడ్డడు. గడ్డం మాసింది, అంగీ గుండీలు తప్పు పెట్టుకున్నడు. 'సూసినవా, మా మోటరు గొంతు గుర్తువట్టినవ్' అని ఒకటే సంబురం. అన్నా, గది మా మోటరు బూర కాదు. మాదానికి జలుబు జేసిన గొంతు. గిది సాఫ్ గొంతు, ప్రార్థనకు పిలిసినట్టు. గది మీ పాదిరిగారి మోటరుది, మీరు దాసిపెట్టుకున్నది మాకిచ్చిన్రని మీ ఉత్తరాలు సదివించుకున్నంక తెల్సింది. మాది కాదని మాత్రం నాకు ఇనంగనే ఎరుకైంది. ఈయనకు కాలే.

తొవ్వల ఆ మాటంటే, 'మరి నా బూర కాకపోతే ఎందుకు ఉరికొచ్చినవ్' అని సిద్దిపేట దాక అడుగుతనే ఉన్నడు. నేను జెప్తే ఇనడు, మీరన్న జెప్పున్రి. మా తమ్ముని ఇంట్ల ఒక్క కోడి లేదు."

ఇట్లు,
అనసూర్య చెప్పగా రాసిన సిద్ధయ్య.

తా.క.: సమజైంది. మీ బూర మీకే పంపుతున్నాను, నాకు ఇక దానితో పని లేదు. పక్క మూటలో ఉన్నవి మాత్రం బూరెలు. అనసూర్య ఈ పొద్దున చేసింది. నూనె రాయకండి.