పాపని ఇప్పుడు పంపకు

చిన్నమ్మాయికి, మీ అమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అక్కా కులాసా. ఆ మాట ముందు రాసేస్తే చెయ్యి కాస్త తిరుగుతుందని రాశాను, దాన్ని పట్టుకుని కూర్చోకు. నువ్వూ, అల్లుడుగారూ, పాపా బాగున్నారనే అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నాకు పూట గడవదు.

నీ ఉత్తరం అందింది. ఫోనులో నాకు సరిగా వినపడదని నువ్వు ఉత్తరం రాయడమే మంచిదైంది. ఫోనైతే నేను అరిచి మాట్లాడాలి, మీ అక్క పక్క గదిలోనే ఉంటుంది.

నువ్వడిగినవి ముందు చెబుతాను. మోకాలు అలాగే ఉంది. మాత్రలు వేసుకుంటున్నాను. ఒకరోజు మర్చిపోయి రెండోసారి వేసుకున్నానేమోనని సాయంత్రం దాకా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను, ఏమీ కాలేదు. నువ్వు చెప్పినట్టే స్నానాల గదిలో రబ్బరు చాప వేయించాం. ఇప్పుడు ఆ చాప తట్టుకుని పడతానేమోనని భయం. అల్లుడుగారి దగ్గు తగ్గిందని రాశావు. తగ్గిందని ఆయన చెప్పాడా, నువ్వు విన్నావా? మగవాళ్ల మాట నమ్మకు, వీపుకి చెవి ఆనించి విను.

ఇక పాప సంగతి. ఎనిమిదేళ్లొచ్చినా ఒక్క వాక్యం కూడబలుక్కోలేకపోతోందనీ, బడిలో మొద్దు అంటున్నారనీ, సెలవులు కాగానే మా దగ్గరికి పంపుతాననీ రాశావు. సొంత పెద్దమ్మ ఇదే పనిలో ఉండగా నాకెందుకు దిగులు అన్నావు. ఉత్తరం నా చీరల కింద పెట్టాను. మీ అక్కకి చూపించలేదు.

మీ అక్క తరగతి నువ్వు చూశావుగా, వరండా చివర, సామాన్ల గది పక్కది. తెలివి ఉండి కూడా అక్షరాలు కుదురుకోని పిల్లల్ని అన్ని తరగతుల నుంచీ ఏరి అక్కడికి పంపుతారు. ఇసుక పోసిన పళ్లెంలో వేలితో రాయిస్తుంది. అట్టముక్కకి సన్నటి కిటికీ కోసి, పేజీ అంతా కప్పేసి, ఒక్కో మాటే కనపడేలా జరుపుతూ చదివిస్తుంది. ఆ కిటికీలు కోసిపెట్టేది నేనే. కత్తెర చేతిలో ఉన్నంతసేపూ నాకు ఏ భయమూ ఉండదు.

వాళ్లలో ఒక తాపీమేస్త్రీ కొడుకు ఉండేవాడు. పదేళ్లవాడు, ఎప్పుడూ నవ్వుమొహమే. మీ అక్క వాణ్ణి 'దొరగారూ' అని పిలిచేది. రెండేళ్లు వాడితో నానా తంటాలూ పడింది. చదవడం రాని పిల్లలు ఎన్ని వేషాలు వేస్తారో మీ అక్కకి తెలియనిది కాదు. కడుపునొప్పి అంటారు, పుస్తకం పోయిందంటారు, పక్కవాడు చదివింది విని అప్పజెప్పేస్తారు. "నా దగ్గర ఇవేం సాగవమ్మా" అనేది.

అలాంటిది వాడు ఉన్నట్టుండి చదివాడు. అట్ట కూడా లేకుండా, వేలు కదుపుతూ, ఇంటికిచ్చిన పుస్తకంలోని పడవవాడి కథ మొత్తం. ఆ రోజు మీ అక్క చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకొచ్చి నన్ను వాటేసుకుంది. తర్వాత ఇంకో కథ, ఇంకోటి. ముందురోజే కాగితం ఇచ్చి, ఇంట్లో చదువుకుని రమ్మనేది. అసలైతే, వచ్చిందీ రానిదీ తేల్చడానికి పిల్లలు ఎన్నడూ చూడని కాగితం అప్పటికప్పుడు ఇచ్చి చదివించాలి. అందరికీ అలాగే చేస్తుంది. వాడికి చేయలేదు. పెద్ద టీచరమ్మతో చెప్పి మామూలు తరగతికి పంపించేసింది.

అక్కడ టీచరు కొత్త పాఠం తీసి వాణ్ణి లేపి చదవమంది. పాఠమేమో వానల గురించి. పాపం, ఏం చేయాలో తోచక వాడు ఆ పేజీ మీదే వేలు జరుపుతూ పడవవాడి కథ మొదలుపెట్టాడట. తరగతంతా గొల్లుమంది. వాడు ఆపలేదట, చివరిదాకా చెప్పి కూర్చున్నాడట. మర్నాటి నుంచి బడికి రాలేదు.

వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. తిట్టిపోస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వాడి చెల్లెలు చదివి వినిపించేదట టీచరమ్మా, వీడు కంఠతా పట్టేవాడట. పేజీ ఎక్కడ తిప్పాలో కూడా" అంది.

"మీరైనా నాకు చెప్పొద్దా?" అంది మీ అక్క.

"నాకు మాత్రం ఏం తెలుసు? నేనూ మురిసిపోయాను. ఎందుకురా ఇలా చేశావంటే, 'నేను చదివినప్పుడు టీచరు మొహం ఎలా ఉంటుందో నువ్వు చూడలేదమ్మా' అన్నాడు."

మీ అక్క అప్పటికప్పుడు ఆమెతో బయల్దేరి వెళ్లింది. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడట. మీ అక్కని చూడగానే లేచి కూర్చుని, చేతిలో పుస్తకమైనా లేకుండా, నవ్వుతూ, ఆ పడవవాడి కథే మొదలుపెట్టాడట.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, అలాగే గుమ్మంలో కూలబడింది.

నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పుతున్నాను. మీ అక్క పని మానేసిందే. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా 'స్కూల్లో ఉన్నాను, తర్వాత మాట్లాడతా' అంటుందే, అప్పుడు పక్క గదిలో మంచం మీదే ఉంటుంది. నేను బతిమాలాను, కేకలేశాను. "ఒక్క పిల్లాడి కోసం మిగతా పిల్లల నోట్లో మట్టి కొడతావా?" అన్నాను. అంత మాట అనకూడదు, అనేశాను. "వాళ్లలో ఎంతమంది నా కోసం వేషం వేస్తున్నారో నాకెలా తెలుస్తుందమ్మా?" అంది. మీ అక్క తరగతి గదిలో ఇప్పుడు విరిగిన బల్లలు పడేశారని బడి ఆయా చెప్పింది. పిల్లల్ని తలా ఒక తరగతిలో వెనక బెంచీల్లో సర్దేశారట. తాపీమేస్త్రీ కొడుకు తండ్రి వెంట పనికి పోతున్నాడట.

నిన్న పప్పులో రాళ్లు ఏరుతూ, ఎవరో ఎదురింటివాళ్ల పిల్ల సంగతన్నట్టు మీ అక్కని కదిపాను. ఎనిమిదేళ్లకీ చదువు రావట్లేదట, ఏం చేయాలే అని. తనూ వచ్చి పక్కన కూర్చుని రెండు రాళ్లు ఏరింది. తర్వాత, "చదివించేటప్పుడు ఎదురుగా కూర్చోవద్దను. వెనకాల కూర్చోమను. తప్పైనా ఒప్పైనా వాళ్ల మొహం పిల్లకి కనపడకూడదు" అంది. లేచి వెళ్లి తలుపేసుకుంది. ఇంకొక్క మాట అడుగుదామన్నా నాకు ధైర్యం చాల్లేదు. నీకు పంపడానికి నా దగ్గర ఉన్నది ఇంతే తల్లీ. మీ ఊళ్లో ఇలాంటి టీచరు ఎవరైనా ఉన్నారేమో వాకబు చెయ్యి.

పాపని మాత్రం పంపకు. ఈ మనిషి ముందు కూర్చుని అది తప్పు చదివినా నేను చూడలేను, ఒప్పు చదివినా చూడలేను. టికెట్టు తీసి ఉంటే వెనక్కిచ్చేయ్. ఎందుకు వెళ్లట్లేదని పాప అడిగితే పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పు. అబద్ధం చెబుతున్నానని బాధపడకు, అది అబద్ధం కాదు.

ఇట్లు,
మిమ్మల్నిద్దర్నీ కన్న
అమ్మ