రిబ్కా తలమీద ఎవరూ చేతులుంచరాదు

అమరచింత నివాసి, భీమన్న కుమారుడు, సువార్తికుడు సాంసన్ అను నేను, డెబ్బై ఒకటో ఏట, తెలివి తిన్నగా ఉండగా, నా కోపం తప్ప మరెవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా. మునుపు రాసినవి చెల్లవు.

1. పడమటి చెలక, ఎకరం ఇరవై గుంటలు, నా కూతురు ప్రేమలతకు. దానిపై వచ్చే రాబడి ఆమె బిడ్డ, నా మనవరాలు రిబ్కా మాట శిక్షణకే వాడాలి. మూడేళ్లొచ్చినా పిల్లకు మాట రాలేదు. స్వస్థత కూడికలో వేదికెక్కించి, "మూగదయ్యం పోయింది, మాటొచ్చింది" అని సాక్ష్యం చెప్పింది నేనే. మాట రాలేదు. దవాఖానకు పంపితే నా సాక్ష్యం అబద్ధమవుతుందని నాలుగేళ్లు ఆపాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే, ఎవరిదీ కాదన్నాడు ప్రభువు. ముప్పై ఏళ్లు అది బోధించిన నోరే ఇది!

2. నా దేహం, మెదడుతో సహా, డాక్టర్ మానస చెప్పిన వైద్య కళాశాలకు. పిల్లల మెదడు ఎదుగుదల మీద ఆమె పరిశోధన. ప్రేమలత నాకు చెప్పకుండా పిల్లను ఆమె దగ్గరికి తీసుకుపోతే, శపించడానికి వెంటపడి పోయాను. "తాతా, దయ్యం లేదు. పిల్ల మెదడు వేరే తీరుగ ఎదిగింది. నేర్పినకొద్ది కొత్త దారులు పడ్తయి. మూడేండ్లకే తెచ్చుంటే అల్కగుంటుండె. ఇప్పుడు గూడ మించిపోలే" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సమాధి లేకుంటే పునరుత్థానం ఎట్లా అనేవాళ్లకు నా జవాబు: మట్టిలోనుండి లేపేవాడు సీసాలోనుండి లేపలేడా?

3. మైకు సెట్టు. సంఘపెద్ద జోసెఫ్ ఆశపడవద్దు. దాని మోతకు పిల్ల చెవులు మూసుకొని ఏడిస్తే, "చూడుండ్రి, దయ్యం వణుకుతున్నది!" అని అరిచింది అతడు. హల్లెలూయ అన్నది నేను. పగలగొట్టి పాతసామానువాడికి వేయండి.

4. నా గొంగడి రిబ్కాకు. అంచు వేళ్లతో రుద్దుకుంటేనే నెమ్మదిస్తుంది. కొత్తది కొనకండి, ముట్టదు.

5. ఈ వీలునామా అమలుచేసే నిర్వాహకుడు పక్కింటి కురుమూర్తి. "అన్యునికా?" అన్నాడు జోసెఫ్. వారానికి మూడుసార్లు తన ఆటోలో పిల్లను శిక్షణకు వనపర్తికి తిప్పుతున్నది ఆ అన్యుడే. ఇప్పుడు పిల్ల దాహమైతే నీళ్లబొమ్మ ఉన్న కార్డు చూపిస్తుంది. మంచి సమరయుడు ఏ సంఘంలో సభ్యుడో జోసెఫ్ చెప్పాలి.

6. "ముసలోడు విశ్వాసం తప్పిండమ్మా, ఆయన పోయినంక పిల్లను ఉపవాస ప్రార్థనకు తోల్కరా" అని జోసెఫ్ ప్రేమలతకు నూరిపోస్తున్నాడు. ఏ నూనె, ఏ చెయ్యి దాని తలను తాకరాదు. అడ్డుకునే అధికారం కురుమూర్తిది.

7. నేను పోయాక జరిపే ఆదరణ కూడికలో ప్రసంగం వద్దు, ఈ కాగితం చదవండి. మాటరాని పిల్లలను దాచుకున్న తల్లులు మన సంఘంలో ఇంకా ముగ్గురున్నారు. డాక్టర్ నంబరు మందిరం తలుపుకు అంటించండి. జోసెఫ్ చింపితే మళ్లీ అంటించండి.

అమరచింత, 18 నవంబరు 2024
(సంతకం) సాంసన్

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
తిరుపతి, ఉపాధ్యాయుడు
ఎస్తేరమ్మ, అంగన్‌వాడీ ఆయా