జమీందారుకి తోడు

విజయనగరం,
బుధవారం

బంగారంలాంటి మా అమ్మకి,

ఫోనుండగా ఉత్తరమేమిటని కంగారుపడకు. ఈ ఇల్లు రెండు గదులు. నేనెంత గుసగుసగా మాట్లాడినా గోడ అవతల ఈశ్వరికి వినబడుతుంది. రాయాల్సింది ఆ పిల్ల గురించే, అందుకని పోస్టు చేస్తున్నాను.

నేను కాపురానికొచ్చిన నెలకి ఈయన కూతుర్ని అరసవల్లి నుంచి తీసుకొచ్చారని చెప్పాను కదా. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల అక్కడ అమ్మమ్మ దగ్గరే పెరిగింది. పదకొండేళ్ళది. బట్టల సంచి తండ్రి చేతికిచ్చి, తను మాత్రం ఒక ఊరగాయ సీసాని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. అందులో నీలంరంగు చేప. బెట్టా అంటారట. తోక పరికిణీ కుచ్చిళ్ళలా పరుచుకుని ఉంటుంది. పేరు జమీందారు. నాకు ‘ఊఁ’, ‘ఊఁహూఁ’ తప్ప మూడో మాట దక్కలేదు గానీ జమీందారుతో మాత్రం కబుర్లకి అంతుండదు.

ఈయనకి ప్రేమని మాటల్లో చెప్పడం చేతకాదు, నీకు తెలుసుగా. కూతురు సంతోషిస్తుందని పెద్ద గాజుతొట్టె కొనుక్కొచ్చారు. అడుగున రంగురాళ్ళు, బుడగలు తీసే మోటారు, అన్నీ. పిల్ల మొహం చిట్లించి, “ఒక్కపాలి మార్సీకూడదు నాన్నా, బెదిరిపోతాది” అంది. కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి బ్లీచింగు వాసన పోయేదాకా ఉంచింది. సీసాని తొట్టెలో తేలేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చాక, పసిపిల్లకి పాలు పట్టినట్టు గరిటెతో కొత్తనీళ్ళు కొద్దికొద్దిగా కలిపింది. అప్పుడు వదిలింది. అంత చేసినా జమీందారు మోటారు వెనక నక్కి కూర్చున్నాడు. నీళ్ళ కదలిక పడలేదేమోనని మోటారు ఆపేసింది. అయినా రాడు. రంగు వెలిసిపోయింది. మేతగింజలు పైన అలాగే తేలుతున్నాయి.

నిన్న తండ్రితో అంటూంటే విన్నాను. “ఈడికిక్కడ పడకపోతే నాకూ పడదు. ఈడు సచ్చిపోతే నానుండను, అమ్మమ్మ కాడికి పంపీ.” ఆయన సరేనన్నారు. ఎందుకు సరేనన్నారమ్మా? కూతురికి ఇచ్చిన మాట ఆయన తప్పరు.

ఇప్పుడు పొద్దున్న లేస్తూనే నేను వెళ్ళేది పొయ్యి దగ్గరికి కాదు, తొట్టె దగ్గరికి. చేప కదలకపోతే గాజు మీద వేలితో తడతాను. తట్టకూడదేమో కూడా తెలియదు. పిల్లని అడగాలంటే భయం. అది వెళ్ళిపోతే సవతితల్లి వెళ్ళగొట్టిందనే అంటారు. లోకం మాట అటుంచు, నాకే ఆ పిల్ల కావాలి. తన జడ తనే వేసుకుంటుంది, పాపిడి వంకరగా వస్తుంది. దువ్వెన పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తాను.

మన ఊళ్ళో చేపంటే ఎండబెట్టడం తెలుసు, పులుసు పెట్టడం తెలుసు. పెంచడం ఎవరికి తెలుసు గనక? అయినా నీకేమైనా తోస్తే చెప్పు.

నీ
అనూ

కళింగపట్నం,
ఆదివారం

ఒసే అనూ,

నీ ఉత్తరం పక్కింటి కుమారి సదువుతానంది గాని నాను ఇవ్వనేదు. కళ్ళద్దాలెట్టుకుని నానే సదువుకున్నాను.

ఆ సేపకి జబ్బేటీ నేదు. బెంగ. కొత్త సోటు, అంత పేద్ద తొట్టి, పక్కన ఇంకో సేప నేదు. పెళ్ళికూతురు కొత్తగా అత్తారింటికి ఎల్తే బెంగెట్టుకోకుండా తోడుపెళ్ళికూతుర్ని పంపుతాం కదా. ఆ నోరు నేని జీవికి తోడెవులే? అందుకే శ్రీకాకుళం ఎల్లి రంగుసేపల కొట్టులో అలాటిదే ఎర్రది కొన్నాను. కొట్టోడు ఏటో సెప్పబోయాడు గాని బస్సు ఎల్లిపోతన్నాదని వచ్చీసినాను. మీ తిరుమలరావు మావ రేపు పనిమీద విజయనగరం వస్తన్నాడు. సేపనీ ఈ ఉత్తరాన్నీ ఆడి సేతే పంపుతున్నాను.

నువ్వు వేళకి తిను. తొట్టి కాడ కూకుని సిక్కిపోకు.

మీ అమ్మ
జగ్గమ్మ

విజయనగరం,
శుక్రవారం

అమ్మా,

జమీందారు చచ్చిపోయాడు. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచిపెట్టి రాసే ఓపిక నాకు లేదు.

మావ వచ్చేసరికి పిల్ల బడిలో ఉంది. నీ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. టీ పెట్టి ఇచ్చి చదువుకుందామని లోపలికి వెళ్ళాను. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మావ చేతిలో చేప తెచ్చిన ప్లాస్టిక్ కవరు ఖాళీగా ఉంది. “తోడుపెళ్ళికూతుర్ని దింపీసినానే” అని నవ్వుతున్నాడు. నేనూ సంతోషించాను. ఇన్నాళ్ళూ మూల నక్కిన జమీందారు బయటికొచ్చాడు. రంగు తిరిగొచ్చింది, రెక్కలన్నీ విప్పుకుని నిలబడ్డాడు. “సూసినావా, మీ అమ్మ మాటంటే మాటే” అన్నాడు మావ. ఆ మాట పూర్తయ్యేలోపే రెండూ కలబడ్డాయి. టీ వడగట్టే జల్లెడతో ఎర్రదాన్ని పట్టి అన్నంగిన్నెలో వేశాను గానీ, అప్పటికే జమీందారు తోక పీలికలైపోయింది. ఆ జాతిలో మగవి రెండు ఒకచోట బతకవట. కొట్టువాడు నీకు చెప్పబోయింది అదే అయ్యుంటుంది.

“నానే సేసినానని ఆ పిల్లతో సెప్పు” అని మావ పాపం టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. పిల్ల వచ్చేదాకా గుమ్మానికీ తొట్టెకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అబద్ధమాడదామని కూడా అనుకున్నాను. దాని మొహం చూశాక నోరు రాలేదు. “మా అమ్మ తోడు పంపింది. మాకు తెలియలేదు ఈశ్వరీ” అన్నాను. అది ఏడవలేదు, తిట్టలేదు. పుస్తకాల సంచి దించి తొట్టె ముందు కూర్చుంది. తెల్లారేసరికి జమీందారు రంగురాళ్ళ మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. మందారం కుండీలో మట్టి తీసి తనే పాతిపెట్టింది. చేతులు కడుక్కుని బట్టలు సర్దుకుంది. ఈయన చొక్కా వేసుకుని ఆటో పిలవడానికి వీధిలోకి వెళ్ళారు.

అప్పుడు నాకు నీమీద కోపమొచ్చిందమ్మా. చేప కోసం కాదు. నా పెళ్ళినాడు పిన్ని కూతురు నాతో వస్తానంటే నువ్వేమన్నావు? “రెండో సంబంధం, ముప్పయి ఆరేళ్ళది, దీనికి తోడేటి, నవ్విపోతారు” అన్నావు. అందరిముందూ అన్నావు. ఆ సాయంత్రం ముక్కూమొహం సరిగా తెలియని మనిషి పక్కన కూర్చుని నేనొక్కదాన్నే ఈ ఊరు వచ్చాను. కొత్తవంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో అడగడానికి ఆడమనిషి లేక ఏడ్చాను. చేపకి బెంగ ఉంటుందని నీకు తోచింది గానీ, నాకుంటుందని తోచలేదు.

పిల్ల తన సీసా తీసుకోవడానికి వంటింట్లోకి వచ్చింది. అన్నంగిన్నెలో ఎర్రది అడుగున పడుకుని ఉంది. వంగి చూసింది.

“దీని తోకా సిరిగిపోనాది. దీన్నెవులు సూస్తారు?”

“నేను చూస్తాను.”

“నీకేటి తెలుసు? గాజు తడతావు. నాను సూసినాను.”

“అయితే నువ్వే తీసుకెళ్ళమ్మా” అన్నాను. ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక అన్నాను, అంతే.

“నిన్ననే బస్సు దిగింది. మల్లీ బస్సెక్కిస్తే బతుకుతాదా?” అని నామీద విసుక్కుంది. బట్టలసంచి కింద పెట్టేసి, సీసాలో నీళ్ళు సర్ది, గిన్నెలోంచి చేపని అందులోకి ఒంపింది. వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది. “నాన్నా, ఆటో ఒద్దు” అని అరిచింది. ఈయన ఆటోవాడి చేతిలో పదో పరకో పెట్టి పంపేశారు.

అదమ్మా సంగతి. ఎర్రది ఇవాళ రెండు గింజలు తింది. తోక మొలిచాక ఈ పిల్ల మళ్ళీ సంచి తీస్తుందేమో, నాకు తెలియదు. చేప తిన్నా భయంగానే ఉంది, తినకపోయినా భయంగానే ఉంది.

నిన్న సాయంత్రం సీసాని బల్ల చివర పెట్టుకుని కూర్చుంది. నేను కూర తరుగుతున్నాను. నా వైపు చూడకుండానే అడిగింది.

“మీ అమ్మ జమీందారుకి తోడు పంపినాది కదా. నీకెవుల్ని పంపినాది?”

“ఎవర్నీ పంపలేదు” అన్నాను.

సీసాని ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత బల్ల మీద కొంచెం పక్కకి జరిగి, “కూకో” అంది.

కూర్చున్నాను.

వీలు చూసుకుని నువ్వు ఒకసారి రా అమ్మా. చేపలు మాత్రం తేకు.

నీ
అనూరాధ