కొత్త రౌటర్‌కు తొందరేముంది

వదినగారికి,

ఫోన్‌లో చెబితే అత్తయ్య చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. పాత రౌటర్ సిగ్నల్ ఆవిడ గదిదాకా రావడం లేదని, ఇప్పుడే వచ్చిన కొత్త రకం కొని పంపుతానన్నారు మీరు. అంత తొందరేముంది? దానికి తగిన ఫోను మన ఇంట్లో ఒక్కటీ లేదు. షాపతను కూడా, "ఏడాది ఆగండమ్మా, ధర దిగొస్తుంది" అన్నాడు.

ఈలోగా అత్తయ్యకు వచ్చిన లోటేమీ లేదు. మీ వీడియో కాల్ వస్తే గోడ పట్టుకుని హాల్లోకి వస్తారు. నా ఎదురుగానే కూర్చుని మాట్లాడతారు. నిన్న మీరు "భోజనం చేశావా అమ్మా?" అని అడిగితే ఒకసారి నా వైపు చూసి, "కడుపునిండా తిన్నానే, కోడలు బంగారం" అన్నారు. మీరూ విన్నారుగా.

ఆ మాట అన్నాకే ఆవిడకు కంచం పెట్టాను.

మీ మరదలు